బంతి వచ్చే చోటికి ముందే: ఎన్‌గోలో కాంటే ఆట గురించి

(తిరుపతిలోని ఒక డిగ్రీ కాలేజీ క్రీడా వారోత్సవాల్లో ఒక ఫుట్‌బాల్ కోచ్ చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్న పాఠం ఇది. మాట తీరును వీలైనంత వరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, ఫిజికల్ డైరెక్టర్ గారికి, వెనక వరసల్లో ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు కూడా నమస్కారం. ఇన్విటేషన్‌లో నా టాపిక్ 'క్రీడల్లో పట్టుదల' అని వేశారు. ఆ పేరు పట్టుకుని మాట్లాడితే పది నిమిషాల్లో మీరు నిద్రపోతారు, పదిహేనో నిమిషానికి నేనూ పడుకుంటాను. అందుకని ఒకే ఒక్క ఆటగాడి గురించి చెప్తాను. ఎన్‌గోలో కాంటే. ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. పర్లేదు, ఆ కిటికీ పక్కన కొంతమంది ఉన్నారు. మెస్సీ అని అడిగుంటే హాలంతా లేచి నిలబడేది. చేతులెత్తిన వాళ్ళలో సగం మంది మిడ్‌ఫీల్డ్ ఆడేవాళ్ళే అయ్యుంటారని నా అనుమానం. ఆ బాధ పడినోళ్ళకే తెలుస్తుంది. (నవ్వులు)

ఫుట్‌బాల్ పెద్దగా చూడని వాళ్ళ కోసం ఒక్క మాట. గోల్ కొట్టేవాళ్ళు ముందుంటారు, ఆపేవాళ్ళు వెనక ఉంటారు. మధ్యలో తిరిగేవాళ్ళు మిడ్‌ఫీల్డర్లు. వాళ్ళలోనూ ఒకడు డిఫెన్స్‌కి కాస్త ముందు నిలబడి, ఎదుటి టీమ్ ఆటను మొదట్లోనే తుంచేస్తూ ఉంటాడు. స్కోర్‌బోర్డు మీద వాడి పేరు రాదు. మ్యాచ్ అయ్యాక టీవీలో చూపించే రెండు నిమిషాల హైలైట్స్‌లోనూ ఉండడు. ఎందుకంటే వాడు తన పని బాగా చేస్తే అక్కడ చూపించడానికి ఏమీ జరగదు. జరగాల్సిన గోల్ జరగలేదు, అంతే. దాన్ని ఏ కెమెరా తీస్తుంది?

కాంటే అలాంటివాడు. ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. మన బస్టాండులో నిలబడితే ఎవరూ రెండోసారి చూడరు. ఇలాంటివాళ్ళ గురించి చెప్పగానే మనవాళ్ళు 'పిట్ట కొంచెం కూత ఘనం' అంటారు. కాంటే దగ్గర ఆ సామెత కూడా పనిచెయ్యదు, ఈ పిట్ట అసలు కూయదు. ఇంటర్వ్యూల్లో తల దించుకుని, రెండు ముక్కలు చెప్పి వెళ్ళిపోతాడు.

1991 మార్చి 29న పారిస్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు ఆఫ్రికాలోని మాలి దేశం నుంచి వలస వచ్చినవాళ్ళు. పెరిగింది పారిస్‌కి పడమట ఉన్న రుయెయ్-మల్మెజాన్ అనే ఊళ్ళో. పదకొండేళ్ళప్పుడు తండ్రి పోయాడు. అప్పటికే ఆ దగ్గర్లోని సురేన్ అనే చిన్న క్లబ్‌లో ఆడుతున్నాడు. ఎనిమిదేళ్ళ వయసులో చేరినవాడు పంతొమ్మిదేళ్ళ దాకా అక్కడే ఉన్నాడు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఫ్రాన్స్‌లో పద్ధతి ఏమిటంటే, పిల్లలకు పదమూడేళ్ళు వచ్చేసరికే బాగా ఆడేవాళ్ళను ఏరేస్తారు. క్లైర్‌ఫోంటెయిన్ అని ఒక జాతీయ కేంద్రం ఉంది. తియెరీ ఆన్రీ అక్కడి నుంచే వచ్చాడు, ఎంబాపె కూడా. పెద్ద క్లబ్బులకు సొంత అకాడమీలు ఉంటాయి. పదిహేను, పదహారు దాటాక కూడా వీధి క్లబ్‌లోనే మిగిలిపోయావంటే, ప్రొఫెషనల్ ఆట నీకు దాదాపు లేనట్టే. కాంటేని ఏ పెద్ద అకాడమీ తీసుకోలేదు. మరీ పొట్టిగా ఉన్నాడనేది వాళ్ళు చెప్పిన కారణం. వాళ్ళు చెప్పని కారణం ఇంకొకటి ఉందని నేననుకుంటాను. ఆ కుర్రాడు చేసేది వాళ్ళకు కనిపించలేదు. సెలెక్షన్‌లో నలభై నిమిషాల మ్యాచ్ పెట్టి చూస్తే ముగ్గుర్ని దాటుకుని వెళ్ళినవాడు కనిపిస్తాడు, ముప్ఫై గజాల నుంచి షాట్ కొట్టినవాడు కనిపిస్తాడు. ఆ ముగ్గుర్నీ దాటే అవకాశమే ఇవ్వనివాడు ఎలా కనిపిస్తాడు? మన దగ్గర అండర్-17 సెలెక్షన్స్ చూసిన వాళ్ళకు దీని గురించి నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

2010లో, పంతొమ్మిదేళ్ళప్పుడు, బూలోన్ అనే సముద్ర తీరపు ఊళ్ళో క్లబ్ ఒకటి తీసుకుంది. అది కూడా వాళ్ళ రెండో టీమ్‌కి. ట్రైనింగ్‌కి కాలితో తన్నుకుంటూ నడిపే చిన్న స్కూటర్ మీద వచ్చేవాడట, పిల్లలు ఆడుకునే లాంటిది. ఆటతో పాటు అకౌంటింగ్ చదివాడు. ఇక్కడ బీకాం వాళ్ళు ఎవరైనా ఉన్నారా? (కేకలు, నవ్వులు) ఆ, మీ వాడే! ఫుట్‌బాల్ కుదరకపోతే లెక్కలు రాసుకుని బతుకుదామనుకున్నాడు. దీన్ని పిరికితనం అనుకోకండి. తండ్రి లేని ఇంటి నుంచి వచ్చినవాడు రెండో దారి చూసుకుని పెట్టుకోవడంలో తప్పేముంది? 'ఒక్క కలే ఉండాలి, మిగతావన్నీ తగలబెట్టెయ్' అని మీకు వీడియోల్లో చెప్తుంటారు చూడండి, వాళ్ళ మాట వినొద్దు.

బూలోన్ మెయిన్ టీమ్‌కి మొదటి మ్యాచ్ ఆడింది 2012 మే నెలలో. అప్పటికి ఇరవై ఒక్కేళ్ళు. ఎంబాపె పంతొమ్మిదేళ్ళకే ప్రపంచకప్ ఎత్తాడని గుర్తుపెట్టుకోండి. ఆ సీజన్‌లోనే బూలోన్ రెండో డివిజన్ నుంచి మూడో డివిజన్‌కి పడిపోయింది. ఊరంతా ఏడుస్తుంటే కాంటేకి మాత్రం దారి తెరుచుకుంది. క్లబ్ కింద పడింది కాబట్టే టీమ్‌లో చోటు దొరికింది. ఒక సీజనంతా ఆడాడు. 2013లో కాన్ అనే రెండో డివిజన్ క్లబ్ తీసుకెళ్ళింది. మొదటి ఏడాదే ఆ క్లబ్ మూడో స్థానంలో నిలిచి పై డివిజన్‌కి ఎక్కింది. ఆ తర్వాతి ఏడాది, అంటే 2014-15లో, ఫ్రాన్స్ టాప్ లీగ్‌లో ఎదుటివాళ్ళ దగ్గర్నుంచి బంతి వెనక్కి తెచ్చుకోవడంలో యూరప్ మొత్తంలోనే ముందున్నవాళ్ళలో ఒకడయ్యాడు. పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

ఎవరికీ అంటే, ఒకరిద్దరికి తెలుసు. ఇంగ్లండ్‌లో లెస్టర్ సిటీ అనే క్లబ్ ఉంది. కొత్త ఆటగాళ్ళను వెతికే పని అక్కడ స్టీవ్ వాల్ష్ అనే ఆయన చూసేవాడు. అంకెలు చూశాడు, వెళ్ళి ఆట చూశాడు. మేనేజర్ క్లాడియో రానియేరి ఎత్తు చూసి వెనకాడితే, కనిపించినప్పుడల్లా కాంటే, కాంటే అని చెవిలో జోరీగలా పోరి ఒప్పించాడని చెప్తారు. 2015 ఆగస్టులో సుమారు 56 లక్షల పౌండ్లకు కొన్నారు. ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా పై లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ లెక్కలో అది చిల్లర.

ఆ సీజన్ కథ మీలో చాలామందికి తెలుసు. లెస్టర్ టైటిల్ గెలుస్తుందని పందెం కాస్తే ఒకటికి అయిదు వేలు ఇస్తామన్నారు బుకీలు. అంతకు ముందు ఏడాది కింది డివిజన్‌కి పడిపోకుండా కిందా మీదా పడి బయటపడిన టీమ్ అది. 38 మ్యాచ్‌ల్లో మూడంటే మూడే ఓడి, 81 పాయింట్లతో ఛాంపియన్ అయింది. వార్డీ గోల్స్, మహ్రెజ్ మాయ అందరూ చెప్పుకున్నారు. న్యాయమే. కానీ వాళ్ళిద్దరి దగ్గరికి బంతి ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే జవాబు ఎక్కువసార్లు ఒకటే. 'మా మిడ్‌ఫీల్డ్‌లో ముగ్గురు ఆడతారు, మధ్యలో డ్రింక్‌వాటర్, ఆయనకు ఇటొక కాంటే, అటొక కాంటే' అని వాల్ష్ జోకు వేసేవాడు. నిక్కరు జేబుల్లో బ్యాటరీలు పెట్టుకు తిరుగుతున్నాడేమో అన్నాడు రానియేరి. భూమ్మీద డెబ్భై శాతం నీళ్ళు, మిగతాది కాంటే అని ఇంటర్నెట్‌లో తిరిగింది.

ఇవన్నీ మంచి జోకులే. నాకు మాత్రం వీటితో పేచీ ఉంది. అసలు నేనివాళ వచ్చింది ఈ పేచీ చెప్పడానికే.

ఈ జోకులన్నీ ఒకటే చెప్తాయి: కాంటే బాగా పరిగెడతాడు, అలసిపోడు, వదలడు. మనవాళ్ళకు ఇది బాగా నచ్చుతుంది. ఉడుంపట్టు, మొండితనం, చెమట. కోచ్‌లు పిల్లలకు ఇదే చెప్తారు: 'కాంటేలా పరిగెత్తరా'. అయ్యా, ఆ స్థాయిలో మిడ్‌ఫీల్డ్ ఆడే ప్రతివాడూ మ్యాచ్‌కి పదకొండు, పన్నెండు కిలోమీటర్లు పరిగెడతాడు. పరుగే రహస్యమైతే వాళ్ళందరూ కాంటేలే కావాలి కదా? మారథాన్ రన్నర్లను తెచ్చి మిడ్‌ఫీల్డ్‌లో నిలబెడితే సరిపోవాలి కదా?

2015-16లో ఆయన అంకెలు రెండు చెప్తాను. ట్యాకిల్స్ 175. ఇంటర్‌సెప్షన్స్ 156. ట్యాకిల్ అంటే ఎదుటివాడి కాళ్ళ దగ్గరున్న బంతిని లాక్కోవడం. ఇంటర్‌సెప్షన్ అంటే వాడు ఇంకొకడికి వేసిన పాస్ మధ్యలో ఉండి అందుకోవడం. మొదటిదానికి కాలు కావాలి, కండ కావాలి. రెండోదానికి, పాస్ వెయ్యకముందే అది ఎటు వెళ్తుందో తెలియాలి. ఈ రెండు అంకెలూ దాదాపు సమానంగా ఉన్నాయి చూశారా? అంటే ఆయన బంతి గెలుచుకున్న సందర్భాల్లో ఇంచుమించు సగం, అసలు కొట్లాటే లేకుండా గెలుచుకున్నవి. అక్కడికి ముందే వెళ్ళి నిలబడ్డాడు, బంతి ఆయన దగ్గరికి వచ్చింది. మనం చూసేసరికి పరిగెత్తి లాక్కున్నట్టు ఉంటుంది. ఆ పరుగు మొదలైంది మాత్రం రెండు సెకన్ల ముందు, కెమెరా ఇంకెక్కడో ఉన్నప్పుడు.

కొండ మీదికి ఆర్టీసీ బస్సులో వెళ్ళారు కదా అందరూ? ఘాట్ రోడ్డు మీద పాత డ్రైవర్‌ని గమనించండి. ఆయన కళ్ళు ఇప్పుడు తిరుగుతున్న మలుపు మీద ఉండవు, దాని తర్వాతి మలుపు మీద ఉంటాయి. అందుకే ఆయన గట్టిగా బ్రేకు తొక్కడు, మనం సీట్లోంచి ముందుకు తూలం. కొత్త డ్రైవర్ ప్రతి మలుపులోనూ స్టీరింగ్‌తో కుస్తీ పడతాడు, చూసేవాళ్ళకు వాడే ఎక్కువ కష్టపడుతున్నట్టు కనిపిస్తాడు.

కాంటే ఆట చూసేటప్పుడు బంతిని చూడకండి, ఆయన తలను చూడండి. బంతి దూరంగా ఉన్నప్పుడు ఆ తల అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. ఎవరు ఎక్కడున్నారు, ఎవరు ఒంటరిగా ఉన్నారు, పాస్ వేసేవాడి ఒళ్ళు ఎటు తిరిగి ఉంది. ఇంకొకటి ఉంది, దీన్ని నేర్చుకోవడం కష్టం. వెంటనే కాలు పెట్టడు. మన కుర్రాళ్ళు బంతి కనిపించగానే స్లైడింగ్‌కి దూకుతారు. ఎర్రమట్టి గ్రౌండులో తొడంతా గీసుకుపోతుంది, చూసేవాళ్ళు చప్పట్లు కొడతారు, బంతి ఉన్నవాడు పక్కకు జరిపి వెళ్ళిపోతాడు. కాంటే దగ్గరికొచ్చి పొట్టి పొట్టి అడుగులతో ఆగుతాడు. ఎదుటివాడిని తనకు కావలసిన వైపుకి నడిపిస్తాడు. వాడు బంతిని ఒక్కసారి కాస్త దూరంగా తాకేదాకా ఓపిక పడతాడు. అప్పుడు బొటనవేలితో ఒక్క పొడుపు. ఎత్తు తక్కువ కాబట్టి తిరగడం తేలిక, ఒళ్ళు నేలకు దగ్గర. అకాడమీలు వద్దన్న కారణం మీదే ఆయన ఆట నిలబడి ఉంది.

గెలుచుకున్న తర్వాత ఏం చేస్తాడు? చాలామంది అక్కడే పాడుచేస్తారు. బంతి లాక్కున్న ఆవేశంలో నలభై గజాలు గాల్లోకి కొడతారు. ఆయన పక్కనున్న తనవాడికి అయిదు గజాల పాస్ ఇస్తాడు. అంతే. ఎదుటి టీమ్ ఇంకా దాడికి పరిగెత్తే మూడ్‌లోనే ఉంటుంది, వెనక్కి తిరిగేలోపు బంతి ముందుకు పోతుంది. వార్డీ పరుగులన్నీ అక్కడ మొదలైనవే.

ఇప్పుడు ఇంకో లెక్క. 2016 జూలైలో చెల్సీ ఆయన్ను సుమారు 3 కోట్ల 20 లక్షల పౌండ్లకు కొనుక్కుంది. అంతకు ముందు సీజన్‌లో చెల్సీది పదో స్థానం, 50 పాయింట్లు. కాంటే వచ్చిన ఏడాది 93 పాయింట్లతో ఛాంపియన్. లెస్టర్ 81 నుంచి 44 పాయింట్లకు, పన్నెండో స్థానానికి పడింది. మధ్యలో, 2017 ఫిబ్రవరిలో, టైటిల్ గెలిపించిన రానియేరినే పంపించేశారు. ఇది చెప్పగానే అంతా కాంటే మహిమే అనేవాళ్ళున్నారు. నేను అంత దూరం వెళ్ళను. చెల్సీకి ఆంటోనియో కాంటే అనే కొత్త మేనేజర్ వచ్చాడు. మన తెలుగులో ఇద్దరి ఇంటిపేరూ ఒకేలా పలుకుతాం, చుట్టాలేం కాదు. (నవ్వులు) ఆ మేనేజర్ ఆర్సెనల్ చేతిలో 3-0తో ఓడాక వెనక ముగ్గుర్ని పెట్టే పద్ధతికి మారి, వరసగా పదమూడు మ్యాచ్‌లు గెలిచాడు. పైగా ఆ ఏడాది చెల్సీకి యూరప్ పోటీలు లేవు, వారం మధ్యలో విశ్రాంతి దొరికింది. ఇవన్నీ కలిశాయి. అయినా సరే, రెండు వేర్వేరు క్లబ్బులతో వరసగా రెండేళ్ళు ఇంగ్లండ్ టైటిల్ గెలవడం గోల్‌కీపర్లను పక్కన పెడితే, 1990ల నాటి ఎరిక్ కాంతొనా తర్వాత మన ఎన్‌గోలోకే దక్కింది. ఆ ఏడాది అక్కడి ఆటగాళ్ళూ ఓటేసి ఉత్తమ ఆటగాడన్నారు, పత్రికలవాళ్ళూ అన్నారు. ఆటగాళ్ళ ఓటు నాకు ముఖ్యం. ఎందుకంటే ఆయనకు ఎదురుగా ఆడి, బంతి పోగొట్టుకున్నవాళ్ళు వాళ్ళే.

ఇలాంటివాళ్ళ విలువ పోయాకే తెలుస్తుందనడానికి పాత ఉదాహరణ ఉంది. 2003లో రియల్ మాడ్రిడ్ బెకమ్‌ను కొని, మకెలెలేని చెల్సీకి అమ్మేసింది. మకెలెలే కూడా ఫ్రాన్స్ వాడే, పొట్టివాడే, ఇదే పని చేసేవాడు. జిదాన్, ఫిగో, రొనాల్డో, బెకమ్ అందరూ ఉన్న ఆ టీమ్ ఆ తర్వాత 2007 దాకా స్పెయిన్ లీగ్ గెలవలేదు.

దేశం తరఫున కాంటే మొదటిసారి ఆడింది 2016 మార్చిలో. సొంత పుట్టినరోజున రష్యా మీద గోల్ కూడా కొట్టాడు. అదే ఏడాది యూరో, అంటే యూరప్ దేశాల కప్పు, ఫైనల్ పారిస్‌లో. ఫ్రాన్స్ పోర్చుగల్ చేతిలో ఓడింది, ఆయన బెంచ్ మీదే కూర్చున్నాడు.

రెండేళ్ళ తర్వాత రష్యాలో ప్రపంచకప్. అర్జెంటీనాతో 4-3 మ్యాచ్ గుర్తుందా? అందరికీ ఎంబాపె పరుగు గుర్తుంటుంది. మెస్సీ దగ్గరికి బంతి చేరే దారులన్నీ మూసిపెట్టింది కాంటే. గెలిచాక సంబరాల్లో తోటివాళ్ళు ఆయన మీద పాట కట్టి పాడారు, పొట్టివాడు, మంచివాడు, మెస్సీని ఆపినవాడు అని. ఫైనల్ సంగతి ఇంకా బాగుంటుంది. జూలై 15, క్రొయేషియాతో. కాంటేకి కడుపులో బాగోలేదు. ఎల్లో కార్డు తిన్నాడు, ఆట సాగలేదు, 55వ నిమిషంలో బయటకు తీసేశారు. ఫ్రాన్స్ 4-2తో గెలిచింది. అంత పెద్ద మ్యాచ్‌లో బాగా ఆడకపోయినా ప్రపంచ ఛాంపియన్ అవ్వచ్చు. టీమ్ ఆట అంటే ఇదే, ఇది కూడా పిల్లలకు చెప్పాలి. కప్పు చేతులు మారుతుంటే ఈయన పక్కన నిలబడి చూస్తున్నాడు, అడగడానికి సిగ్గు. ఆయన బదులు మైదానంలోకి వచ్చిన ఎన్‌జోంజీయే కప్పు తెప్పించి చేతిలో పెట్టించాడని తోటివాళ్ళు చెప్పారు.

మనిషి గురించి రెండు ముక్కలు చెప్పి మళ్ళీ ఆటలోకి వస్తాను. ఇంగ్లండ్‌లో చాలాకాలం మినీ కూపర్ కారే నడిపాడు. 2018లో ఒకరోజు పారిస్ వెళ్ళే రైలు తప్పిపోయింది, దగ్గర్లోని మసీదుకి నమాజుకి వెళ్ళాడు, అక్కడ కలిసిన అభిమాని ఒకడు భోజనానికి రమ్మంటే వెళ్ళిపోయాడు. కోడికూర తిని, వాళ్ళతో వీడియో గేమ్ ఆడి, ఆ రోజు మ్యాచ్‌ల ప్రోగ్రామ్ టీవీలో చూసి వచ్చాడు. అదే ఏడాది ఇంకొకటి బయటపడింది. జీతంలో కొంత భాగం పన్ను తక్కువ పడే దీవిలోని కంపెనీ ద్వారా తీసుకోమంటే, వద్దు, మామూలు జీతమే ఇవ్వండి అన్నాడని పత్రికలు రాశాయి. అకౌంటింగ్ చదివింది ఊరికే పోలేదు. (చప్పట్లు)

2021. అప్పటికి చెల్సీకి మేనేజర్‌గా టోమస్ టూకెల్ వచ్చాడు. యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్లో రియల్ మాడ్రిడ్‌తో రెండు మ్యాచ్‌లు, రెండింటిలోనూ మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ కాంటే. మే 5 నాటి రెండో మ్యాచ్ వీడియో ఇంటికెళ్ళి చూడండి. ఎదురుగా మోడ్రిచ్, క్రోస్, కసెమిరో. మిడ్‌ఫీల్డ్‌లో అంతకన్నా తెలివైన ముగ్గురు దొరకరు. 2-0 స్కోరులో రెండు గోల్స్‌లోనూ ఈయన చెయ్యి, అంటే కాలు, ఉంది. మొదటిదానికి వెర్నర్‌తో పాస్ ఇచ్చి పుచ్చుకుని ముందుకు దూసుకెళ్ళి హావర్ట్జ్‌కి ఇచ్చాడు. రెండోది, బంతి లాక్కుని పులిసిక్‌కి అందించాడు, అక్కడి నుంచి మౌంట్ గోల్ కొట్టాడు. వయసు ముప్ఫై. మే 29న పోర్తో నగరంలో ఫైనల్, మాంచెస్టర్ సిటీతో. సిటీ మేనేజర్ గార్డియోలా ఆ రోజు రోడ్రిని, ఫెర్నాండిన్యోని ఇద్దర్నీ మొదటి పదకొండులో పెట్టలేదు. అంటే కాంటే చేసే పని చెయ్యడానికి వాళ్ళ వైపు అసలు మనిషి లేడు. సిటీ 1-0తో ఓడింది, మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ మళ్ళీ ఈయనే. గార్డియోలా అంతటి మేధావికి కూడా ఆ స్థానం లేకపోయినా పర్లేదనిపించింది చూడండి. మన జిల్లా టోర్నమెంట్లలో పాపం మనవాళ్ళను ఏం అంటాం.

ఆ తర్వాత శరీరం ఎదురు తిరగడం మొదలుపెట్టింది. 2022 ఆగస్టులో టోటెన్‌హామ్ మ్యాచ్‌లో తొడ వెనక కండరం పట్టేసింది. ఆపరేషన్ అయింది, ఖతార్ ప్రపంచకప్ పోయింది. 2023లో సౌదీలోని అల్ ఇత్తిహాద్‌కి వెళ్ళాడు. అందరూ 'అయిపోయింది, డబ్బు కోసం వెళ్ళాడు' అన్నారు. డబ్బు కోసం వెళ్తే తప్పేమిటో నాకు అర్థం కాదు, ఆ సంగతి అలా ఉంచండి. రెండేళ్ళు జాతీయ జట్టుకు దూరంగా ఉన్నవాణ్ణి 2024 యూరోకి ఫ్రాన్స్ కోచ్ దెషాంప్ మళ్ళీ పిలిచాడు. ముప్ఫై మూడేళ్ళు. ఆస్ట్రియాతో మొదటి మ్యాచ్, నెదర్లాండ్స్‌తో రెండో మ్యాచ్, రెండింటిలో మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్. కాళ్ళలో మునుపటి వేగం లేదు, తొడ ఒకసారి కోసి కుట్టినది. పరుగే ఆయన ఆట అయ్యుంటే 2022లోనే కథ ముగియాలి. ముగియలేదంటే అసలు ఆట కాళ్ళలో కాకుండా ఇంకెక్కడో ఉందని అర్థం.

ఇది ఎక్కడో ఫ్రాన్స్ వాడి గొప్ప, మనకేంటి అనుకోవద్దు. ఈ తెలివి ముందు తెలిసింది మన తెలుగు నేల మీద పనిచేసిన ఒక మాస్టారికి. హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తికి టీచరు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన టీమ్ నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం, రెండూ ఆయన కోచింగ్‌లోనే. ఆయన హైదరాబాద్‌లో డ్రిబ్లింగ్ చెయ్యకూడని టోర్నమెంట్లు పెట్టేవాడు. బంతి వచ్చిందా, వెంటనే ఇచ్చెయ్యాలి. బలహీనమైన కాలుతోనే ఆడాలని కూడా పెట్టేవాడు. ఎందుకు? డ్రిబ్లింగ్ లేకపోతే బంతి రాకముందే చుట్టూ చూసుకోక తప్పదు. రూలు మారిస్తే చూపు మారుతుందని ఆయనకు అప్పుడే తెలుసు. మన దగ్గర అనంతపురం ఆర్డీటీ గ్రౌండ్లలో పిల్లలు పద్ధతిగా నేర్చుకుంటున్నారు, తిరుపతిలో తారకరామ స్టేడియం ఉంది, పొద్దున్నే వచ్చే పిల్లలూ ఉన్నారు. లేనిది ఇలాంటి రూళ్ళు పెట్టి ఆడించే ఓపిక. మనం ఇప్పటికీ పది రౌండ్లు కొట్టించి దాన్నే ట్రైనింగ్ అంటున్నాం.

టైమ్ అయిపోయిందని సార్ చెయ్యి చూపిస్తున్నారు. రెండు ప్రశ్నలు తీసుకుంటాను. చెప్పు నాయనా.

(ఒక విద్యార్థి: సార్, మీరు ఎన్ని చెప్పినా సెలెక్షన్స్‌లో ఎత్తే చూస్తారు కదా సార్. మాలాంటోళ్ళు ఏం చెయ్యాలి?)

చూస్తారు. లేదని నీకు అబద్ధం చెప్పను. గోల్‌కీపర్‌కి, సెంటర్ డిఫెండర్‌కి ఎత్తు నిజంగానే కావాలి, అది అన్యాయం కాదు. మిడ్‌ఫీల్డ్‌లో చూడటం మాత్రం సోమరితనం. నువ్వు చెయ్యగలిగిందల్లా ఒకటి: మీ మ్యాచ్‌లు మీ ఫ్రెండు చేత ఫోన్‌లో తీయించు. గ్రౌండ్ మొత్తం వచ్చేలా మేడ మీద నుంచి తీయాలి, బంతి వెంట తిప్పకూడదు. నువ్వు ఎన్ని పాస్‌లు మధ్యలో అందుకున్నావో లెక్కపెట్టి రాసుకో. వాల్ష్ లాంటివాడు మన దగ్గరా ఎవరో ఒకరు ఉంటారు, వాళ్ళకు చూపించడానికి నీ దగ్గర ఏదో ఒకటి ఉండాలి. దొరక్కపోతే? దొరక్కపోవచ్చు కూడా. క్లబ్ దొరికేసరికి కాంటేకే పంతొమ్మిదేళ్ళు వచ్చాయి. డిగ్రీ మాత్రం ఆపొద్దు.

ఆ చివర అమ్మాయి, అడుగమ్మా.

(ఒక విద్యార్థిని: సార్, ముందే తెలుసుకోవడం అన్నారు. అది పుట్టుకతో వస్తుందా, నేర్చుకోవచ్చా?)

మంచి ప్రశ్న. కొంత పుట్టుకతో వస్తుందేమో. కానీ చాలావరకు అలవాటే. రెండు ఆటలు చెప్తాను, ఇవాళ సాయంత్రమే మొదలుపెట్టొచ్చు. ఒకటి, నువ్వు పాస్ అందుకునే ముందు మీ ఫ్రెండు నీ వెనక నిలబడి వేళ్ళు చూపించాలి. బంతి నీ కాలికి తగిలేలోపు వెనక్కి చూసి, ఎన్ని వేళ్ళో గట్టిగా చెప్పాలి. చెప్పలేకపోతే బంతి అవతలివాళ్ళది. మొదటి వారం చిరాకొస్తుంది, బంతి కాళ్ళ కిందనుంచి పోతుంది, పోనీ. రెండోది, అయిదుగురు చుట్టూ, ఇద్దరు మధ్యలో. ఇది మీరు ఆడేదే. ఒక రూలు మార్చండి: మధ్యలో ఉన్న ఇద్దరూ ట్యాకిల్ చెయ్యకూడదు, ఎవరి కాళ్ళలోంచీ బంతి లాక్కోకూడదు. పాస్‌ను మధ్యలో అందుకుంటేనే బయటకు రావాలి. రహీం సాబ్ పద్ధతే ఇది, ఆయన బంతి ఉన్నవాడికి రూలు పెట్టాడు, మనం బంతి లేనివాడికి పెడుతున్నాం. ఎండలో ఆడకండి, ఆరుంబావు తర్వాత ఆడండి. తారకరామ స్టేడియంలో రేపు పొద్దున ఆరింటికి నేనుంటాను. బంతులు నేను తెస్తాను, కోన్లు లేవు, పాత చెప్పులు పెట్టుకుందాం. అమ్మాయిలు వస్తే మీకు వేరే జట్టు చేస్తాను. ఆలస్యంగా వచ్చినవాళ్ళు మధ్యలో నిలబడతారు.